రాత్రి రక్తం

పది దాటితే గానీ మా డ్యూటీ మొదలవదు.
అది ఆఫీసు పెట్టిన వేళ కాదు,
పురుగు పెట్టిన వేళ.
పగలంతా ఊపిరితిత్తుల్లో ముడుచుకుని పడుకుని
మనిషి నిద్రకి ఒరిగాక
వేలి కొసల దాకా షికారొస్తుంది.
దోమా అప్పుడే వస్తుంది.
మూడోవాణ్ణి నేను.
జాలరిపేట సందుల్లో ఒక టార్చిలైటు,
సూదులు, గాజుపలకల పెట్టె.

"దొంగలకీ మీకూ ఒకటే టైమేటి బావూ?"
గడియ తీస్తూ మైలపిల్లి పోలమ్మ.
వాకిట్లో వల ఆరుతోంది, వల కింద కుక్క.
దూరంగా కొండ మీంచి లైట్‌హౌసు
తెల్లటి చెయ్యి చాచి ఇల్లిల్లూ తడిమి
ఏమీ దొరక్క
మళ్లీ సముద్రం మీదికి వెళ్లిపోతోంది.

గుమ్మంలోకి ఆమెకన్నా ముందు
ఆమె ఎడమకాలు వస్తుంది.
ముప్పై ఏళ్ల కిందట గజ్జల్లో బిళ్ల కట్టి, చలి, జ్వరం.
మలేరియా అన్నారట, బిళ్లలిచ్చారట.
మళ్లీ అమావాస్యకి. మళ్లీ పున్నానికి.
ఒక్కొక్క పోటుకీ కాలు నిండింది.
ఆటు మాత్రం రాలేదు.
వెండి కడియం మాంసంలో దిగిపోతే
వన్‌టౌన్‌లో కంసాలి రంపం పెట్టి కోశాడు.
రెండోది కుడికాలికి ఇంకా ఉంది.
"ఈ కాలు ముండమోసినాది బావూ,
అదింకా పేరంటాలే."

మనవాళ్లు రోగాలకి ఎంత ముద్దుగా పేర్లు పెట్టారు!
తొడల సందున గుండ్రంగా పాకే బూజు తామరట,
ఏ కోనేట్లో చూశారో.
పిల్లల కడుపులో మెలితిరిగేది ఏలికపాము,
పాలించేది అదేనని ఒప్పుకున్నట్టు.
దీని దగ్గరికొచ్చేసరికి సరసం అయిపోయింది కాబోలు
బోదకాలు అని ఊరుకున్నారు.

పోలమ్మ వేలు ఎండుచేప పొలుసులా గట్టిది,
రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది.
మనవరాలు కుసుమ, తొమ్మిదో తరగతి, ఖోఖో టీము,
నిద్రకళ్లతోనే వేలిచ్చి
నిద్రలోకే వెళ్లిపోయింది.

తెల్లారి యూనిట్‌లో
పలకల ఎరుపు నీళ్లలో కడిగి, నీలం ఎక్కించి చూశాను.
పోలమ్మ రక్తంలో ఏమీ లేదు.
ఇల్లు కూల్చేసి ఎప్పుడో వెళ్లిపోయింది.
కుసుమ చుక్కలో పదకొండు.
కొత్తగా పలక పట్టిన పిల్ల
దిద్దీ దిద్దీ వదిలేసిన సున్నలూ కొమ్ములూ.
లేడి కాళ్ల పిల్లది.
మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.

బిళ్లలు పట్టుకెళ్తే
"నాకేటీ నేదు కదా," అంది కుసుమ.
నిజమే. ఏమీ లేదు.
ఏమీ లేని పిల్లకి పన్నెండు రోజుల మందు
ఏ మాటతో మింగించాలో
మాకిచ్చిన కరపత్రంలో లేదు.
పోలమ్మే చీర మోకాలిదాకా ఎత్తి
ఆ కాలు తెచ్చి మనవరాలి ముందు పెట్టింది.
"సూడు. నీ ఈడప్పుడు
నాకూ ఏటీ నేదు."

పిల్ల మింగింది.
మర్నాడు జ్వరం వస్తే ముసల్ది నన్ను తిట్టిపోసింది.
చచ్చేది పురుగే అమ్మా అంటే
నమ్మలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు.

బేసిన్‌లో నీళ్లు పెట్టించి, సబ్బుతో
ఆ కాలు ఎలా కడుక్కోవాలో చూపించాను.
మడతమడతా తుడవాలి, వేళ్ల సందులు మరీను.
తడి మిగిలితే ఒరుస్తుంది,
ఒరిసిన చోటే బూజు తలుపు తీస్తుంది,
ఆ తలుపులోంచే మళ్లీ జ్వరం.
చెబుతూనే ఉన్నాను గానీ ఆమె వినడం లేదు,
నా చేతులకేసి చూస్తోంది.
"మా గుంటడి బాబు కూడా
ముట్టనేదు బావూ, ఈ కాలు."

రిజిస్టర్‌లో ఆ వీధి మగాళ్లవి ఇరవైరెండు ఖాళీ గళ్లు.
లేరు అనైనా రాయాలి, ఒప్పుకోలేదు అనైనా.
మూడో మాటకి చోటు లేదు.
మార్జిన్‌లో రాశాను: వేటకి వెళ్లారు.
రాత్రి ఒంటిగంట.
ఏ నీళ్ల మీద మేలుకుని ఉందో
వాళ్ల రక్తం.